మునిగిన ఊరిని ఏ మండలంలో రాయమంటారు, మంత్రి గారూ?

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

ఇది నా ఐదో అర్జీ. మొదటి నాలుగూ మీ కార్యాలయంలోనే ఉన్నాయి కనుక పథకం గురించి మళ్లీ వివరించను. ముంపు గ్రామాల పెద్దల జ్ఞాపకాలు రికార్డు చేయిస్తామని సభలో అన్నది మీరే. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

కొల్లాపూర్ వైపు, కృష్ణ ఒడ్డున, శ్రీశైలం జలాశయం కింద మా ఊరు ఉంది. ఉండేది అనాలేమో. కానీ వేసవిలో నీళ్లు దిగినప్పుడు మా ఇంటి పునాది రాళ్లు ఇప్పటికీ బయటపడతాయి. ఆన్‌లైన్ దరఖాస్తులో గ్రామం పేరు ఎంచుకోవాలట. ఆ జాబితాలో మా ఊరు లేదు. పేరు ఎంచుకోనిదే దరఖాస్తు కదలదు. చేత్తో రాసి తెస్తే గుమాస్తా గారు చదివి, "ఈ ఊరు ఏ మండలం?" అన్నారు. నీళ్లలో ఉందండీ అన్నాను. వేళాకోళమాడుతున్నానని ఆయనకు కోపం వచ్చింది. చివరికి పునరావాస కాలనీ పేరు రాయమన్నారు. కాలనీ చరిత్ర నలభై ఏళ్లు దాటితే గొప్ప. అంతకు ముందు సంగతి చెప్పడానికే కదండీ ఈ తిరుగుడంతా!

ముంపు వస్తుందని తెలిసినప్పుడు దేవుళ్లకు లోటు రానివ్వలేదు. జటప్రోలు మదనగోపాలస్వామి గుడిని విప్పి కొత్త చోట పేర్చారు. కూడలి సంగమేశ్వరుణ్ని అలంపురం చేర్చారు. సాగర్ నిండకముందు 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయను తవ్వి, దొరికినవి భద్రపరిచారు. మంచి పనులే, కాదనను. 1981లో మమ్మల్ని ఖాళీ చేయించినప్పుడు మాత్రం మా అవ్వ పక్కన కూర్చుని ఒక్క మాట రాసుకున్నవాళ్లు లేరు. అంతకు నూట అరవై ఏళ్ల ముందే, 1821లో, కుంపిణీ వారి సర్వే అధికారి మెకంజీ దొర కన్నుమూశాడు. ఆయన మనుషులు కడప సీమలో ఊరూరా తిరిగి రాయించిన కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు, నేటికీ చదువుకుంటున్నాం. వాళ్ల చేతిలో ఫోను కూడా లేదు!

మా ఊరి బొడ్రాయి సంగతి చెబుతాను, వినండి. ఖాళీ చేయాల్సిన రోజు దగ్గరపడ్డాక రచ్చబండ దగ్గర మూడు రాత్రులు గొడవ జరిగింది. బొడ్రాయిని పెకలించి వెంట తీసుకెళ్దామని కొందరు. అది ఊరికి బొడ్డు, పెకలిస్తే ఊరు చస్తుందని కొందరు. నీళ్లలో మునిగేదానికి ఇంకా చావేమిటని ఒకాయన అన్నాడట, ఆయన్ను కొట్టబోయారట. మూడో రాత్రి ఏం తేల్చారో నాకు తెలియదు. పిల్లవాణ్ణి, మా నాయన భుజం మీద నిద్రపోయాను. రాయిని తెచ్చారని ఒకరు, దాని కింది మట్టి గుప్పెడు తెచ్చి కొత్త రాయి కింద వేశారని ఇంకొకరు చెబుతారు. ఆ రాత్రి గడ్డపార పట్టుకున్న పెద్దాయన నా నాలుగో అర్జీ మీ దగ్గర "పరిశీలనలో" ఉండగా గత మాఘంలో పోయారు. కాలనీలో ఇప్పుడు మేం నీళ్లుపోసి మొక్కేది పాత బొడ్రాయికో కొత్తదానికో ఇక ఎవరిని అడగాలి? మీ సెక్షన్‌లో అడగమంటారా?

ఇంకొక అవ్వ ఉంది. ఆ మూడు రాత్రులూ అక్కడే కూర్చున్న మనిషి. ఆమె కోసం నది దాకా పోనక్కరలేదు. ఇక్కడే, కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంటు వాచ్‌మన్ గదిలో కొడుకు దగ్గర ఉంటోంది. భూమి పోయాక మా వాళ్లలో చాలామంది ఈ నగరానికే మట్టి మోయడానికి వచ్చారు. ఆమెకు ఎడమ చెవి వినపడదు, కుడి వైపు కూర్చుని అడగాలి. పుట్టి మీద ఏరు దాటిన పెళ్లివారి కథలు, కరువులో చింతగింజలు ఉడకబెట్టుకున్న కథలు అడగకుండానే చెబుతుంది. నేను ఫోనులో కొన్ని పట్టాను. సగం పక్కింటి మోటారు శబ్దమే. నా చేతనైంది అంతే, నేను బడిపంతుల్ని.

నిధులు లేవంటారు. సరే. ఒక మనిషిని, ఒక మంచి రికార్డరును పంపండి, చాలు. జాబితాలో మా ఊరి పేరు చేర్చండి. కాలనీ పేరు కాదు, ఊరి పేరు. లేదా ఈ పథకం లేదని ఒక్క ముక్క రాసి పంపండి, తిరగడం మానేస్తాను. మానను లెండి, ఊరికే అన్నాను. దయచేసి ఎవరినైనా పంపండి. ఆటో కిరాయి నేనిస్తాను.

ఆమె మధ్యాహ్నం మూడు తర్వాత మెలకువగా ఉంటుంది. నా ఫోను నంబరు నాలుగు అర్జీల మీదా ఉంది.

ఇట్లు,
మునిగిన ఊరి మనిషి,
దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్