తీర్థం జీడిలో ఊడిన పన్ను క్యాప్: సాయం చేసినవాళ్ళందరికీ

అందరికీ విడివిడిగా ఫోన్ చేద్దామనుకున్నాను. పండగ అయిపోయి పది రోజులైనా కుదర్లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. సంగతి తెలియనివాళ్ళు కాస్త ఓపిగ్గా చదవండి. నోట్లో క్యాప్ ఉన్నవాళ్ళకి ఎప్పుడైనా అక్కరకొస్తుంది.

కనుమ నాడు కోనసీమలో, మోసలపల్లి దగ్గర జరిగే జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళాం. ప్రభ అంటే వెదురుతో కట్టి, రంగుల బట్టలతో అలంకరించి, దేవుణ్ణి ఉంచి మోసే ఎత్తైన చట్రం. అత్తారి ఊరు ఆ పక్కనే అయినా పెళ్ళయిన 26 ఏళ్ళలో నేను చూడడం ఇదే మొదలు. ఏటా కనుమ వంట నా మీద పడేది. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటంగా ఈ తీర్థాన్ని టీవీలో చూసి, ప్రభలు ఢిల్లీ దాకా వెళ్ళాయి గానీ నేను వంటింట్లోంచి మోసలపల్లి దాకా వెళ్ళలేకపోయానే అనుకున్నాను. ఈసారి పట్టుబట్టి వెళ్ళాను. 11 ఊళ్ళ రుద్రులు, అంటే ఆయా ఊళ్ళ శివుళ్ళు, ప్రభల మీద ఒక్కచోట చేరారు. గంగలకుర్రు వాళ్ళు ప్రభను భుజాల మీద మోస్తూ కౌశిక కాలువలో దిగి అవతలి గట్టు ఎక్కిస్తున్నారు. జనమంతా ‘అశ్శరభ శరభ’ అని అరుస్తుంటే నేనూ అరవబోయాను. నోట్లో బెల్లం జీడి ఉంది, అదే పళ్ళకి అంటుకుని సాగే తీర్థం మిఠాయి. దవడ తెరుచుకునేసరికి జీడితోపాటు ఏదో లేచొచ్చింది.

రాయేమో అనుకుని ఉమ్మేశాను! తర్వాత నాలుకతో తడిమితే, కుడివైపు కింది దవడ పన్ను ఉండాల్సిన చోట ఓ మొండి తగిలింది. తొమ్మిదేళ్ళ కిందట రూట్ కెనాల్ చేయించి వేయించుకున్న క్యాప్. లోపల మెటల్, పైన సిరామిక్.

మొదటి కృతజ్ఞత మా ఆడపడుచు కొడుక్కి. వాడు ఆరో తరగతి. నేను ‘పోతే పోయిందిలేరా’ అంటున్నా వినకుండా ఆ జనంలో, వరి చేలో వంగి, జీడి ముద్దని వెతికి తెచ్చాడు. ఊడిన క్యాప్ పగలకుండా, వంకర పోకుండా ఉంటే చాలాసార్లు దాన్నే మళ్ళీ అతికించొచ్చని నాకప్పటికి తెలియదు. ఒరేయ్, నువ్వు నాకు మిగిల్చిన డబ్బుతో నీ బ్యాట్ వస్తుంది, మాటిచ్చాను కదా.

ఇంటికొచ్చాక అసలు గొడవ మొదలైంది. నాకేమో నొప్పి లేదు. మరిది గారు ఫెవిక్విక్ పట్టుకొచ్చి ‘రెండు చుక్కలు వదినా, జన్మలో ఊడదు’ అన్నారు. నేను నోరు తెరిచాను కూడా, అబద్ధమెందుకు! వంటింట్లోంచి మా తోటికోడలు పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. ఆవిడ అన్నగారి అమ్మాయి బీడీఎస్ (పళ్ళ డాక్టరు చదువు) చదివి ఇప్పుడు హౌస్ సర్జన్ చేస్తోంది. వెంటనే వీడియో కాల్ కలిపింది.

ఆ పిల్ల అటువైపు పండగ భోజనం ముందు కూర్చుని ఉంది. చెయ్యి కడుక్కుని అరగంట మాట్లాడింది. ‘అత్తయ్యగారూ, ముందు ఆ గమ్ము సీసా అవతల పెట్టించండి’ అంది. ఆ గమ్ము చిగుర్నీ నోటి చర్మాన్నీ కాలుస్తుందట. గట్టిపడ్డాక క్యాప్ లోపల గడ్డ కడుతుంది, క్యాప్ ఒక వెంట్రుక మందం పైకి కూర్చున్నా కొరుకు తేడా వస్తుంది, ఆ తర్వాత డాక్టరు కూడా దాన్ని సరిగ్గా తియ్యలేక క్యాప్ పారెయ్యాల్సి వస్తుందని చెప్పింది. మరిది గారు సీసా జేబులో పెట్టుకుని టీవీ దగ్గరికి వెళ్ళిపోయారు.

తర్వాత నా చేత క్యాప్ కడిగించింది. సింకులో వద్దు, జారితే గొట్టంలోకి పోతుంది, కింద గిన్నె పెట్టుకోండి అంది. నాకైతే తోచేది కాదు. కెమెరా దగ్గర పెట్టి లోపలివైపు చూపించమంది. పాత సిమెంటు తెల్లగా అంటుకుని ఉంది. పిన్నుతో గీకబోతే కేకేసింది. తను వెతుకుతున్నది పన్ను ముక్కగానీ, క్యాప్ నిలవడానికి వేరులోకి దింపే పోస్టు అనే సన్నటి కడ్డీగానీ అందులో ఉండిపోయిందా అని. అలా ఉంటే మనంతట మనం నోట్లో తిరిగి పెట్టుకునే ప్రయత్నమే చెయ్యకూడదట. నాదాంట్లో అవేమీ లేవు.

మా అత్తగారికి మాత్రం ఒకటే బెంగ. ‘మింగేసుంటేనో?’ అని నాలుగుసార్లు అడిగారు. చాలావరకు దానంతటదే విరేచనంలో పోతుందండీ, కానీ దగ్గు ఆగకపోయినా, ఊపిరి ఆడనట్టున్నా గొంతులోంచి ఊపిరితిత్తుల వైపు వెళ్ళిందేమో, ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి పరిగెత్తాలని చెప్పింది. అత్తగారు ఆ రాత్రి నాకు రెండుసార్లు ఫోన్ లైటు వేసి చూశారు, ఊపిరాడుతోందా లేదా అని. ఆవిడకి కూడా ఇక్కడే దణ్ణం.

అంబాజీపేటలో మందుల షాపు ఒక్కటే తెరిచి ఉంది. కట్టుడు పళ్ళ సెట్టు నిలవడానికి వాడే క్రీము ఉందా అని అడిగించాం. షాపాయన ‘సెట్టు ఎవరికండీ?’ అని, సంగతి విని, ‘ఆయ్, క్యాప్‌కైతే బొట్టు చాలండి, ఎక్కువ రాస్తే సరిగ్గా కూర్చోదు’ అని చెప్పి మరీ పంపాడు. డబ్బులు తర్వాత ఇమ్మన్నాడు. ఆయనకి చాలా థాంక్స్. క్రీము రాయకుండా ముందు ఉత్తినే పెట్టి చూసి, ఎటు తిప్పితే అమరుతుందో తెలుసుకుని, అప్పుడు బొట్టు రాసి మెల్లగా కరిచాను. అదీ తినేటప్పుడూ నలుగురిలో ఉన్నప్పుడూ మాత్రమే, ఎడమవైపే నములుతూ. నిద్రలో ఊడి గొంతులోకి పోతుందని రాత్రి తీసేయమంది. పెట్టడానికి డబ్బా దొరక్కపోతే మా పిన్ని గారు కుంకుమ భరిణె ఖాళీ చేసి ఇచ్చారు.

నొప్పి లేదు కదా, హైదరాబాదు వెళ్ళాక తీరిగ్గా చూపించుకుంటానన్నాను. దాని మీద ఆ పిల్ల ఊరుకోలేదు. ‘రూట్ కెనాల్ చేసిన పన్నులో నరం ఉండదు కదండీ, అందుకే నొప్పి తెలియదు. నరం ఉన్న పన్నయితే ఈపాటికి చల్లనీళ్ళకే జివ్వుమని మీరే పరిగెత్తేవారు’ అంది. క్యాప్ లేని మొండి గట్టిగా ఏదైనా కొరికితే నిలువునా చీలిపోవచ్చట. అలా చీలితే పీకడమే. వారాలూ నెలలూ వదిలేస్తే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి, అప్పుడు ఇదే క్యాప్ పట్టదు. నేను ఎక్కువగా రుణపడింది ఈ సతాయింపుకే. హైదరాబాదు వచ్చాక నేను ఎంత తీరిగ్గా చూపించుకుంటానో నాకు తెలుసు. నెల రోజులుగా ఆ పన్ను దగ్గర అన్నం మెతుకులు ఇరుక్కోవడం, పొద్దున్నే ఏదో పాడు రుచి రావడం గమనించి కూడా ఊరుకున్నదాన్ని.

ముక్కనుమ నాడు ఇంట్లో అందరూ ముక్కలు నములుతుంటే నేను పప్పన్నం మింగి అమలాపురం వెళ్ళాను. పండగ మూడు రోజులూ క్లినిక్ మూసేసిన డాక్టరుగారు, మా బావగారి ఫోన్ మీద గంటసేపు తలుపు తీశారు. పక్కన చెయ్యి అందించడానికి ఎవరూ లేరు, ఆయన శ్రీమతే నోట్లో ఉమ్ము పీల్చే సక్షన్ గొట్టం పట్టుకున్నారు. ఆ ఇద్దరికీ నమస్కారాలు.

ఎక్స్‌రే తీశారు. వేరు బాగానే ఉంది. క్యాప్ అంచు కింద మాత్రం కొంచెం పుచ్చు మొదలైంది. ఏళ్ళ తరబడి లాలాజలం తగిలి సిమెంటు కరిగి సందు పడిందట, ఆ పాడు రుచి అదే. జీడి చివరి తోపు మాత్రమే తోసింది. ‘ఆర్నెల్లు ఆగి ఉంటే పన్నుకే ఎసరు’ అన్నారు. పుచ్చు తీసేశారు, క్యాప్ లోపలి పాత సిమెంటు గీకేశారు. నీలం కాగితం కరిపించి కొరుకు చూశారు. గ్లాస్ అయనోమర్ అనే పళ్ళ సిమెంటుతో అతికించి, దూది చుట్ట కరిపించి, బయటికొచ్చిన సిమెంటుని దారంతో తీశారు. మొత్తం కలిపి 800 రూపాయలు. కొత్త క్యాప్ ఎన్ని వేలో వేయించుకున్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఒక రోజంతా ఆ వైపు నమలొద్దన్నారు. మళ్ళీ ఊడితే ఇది పనికిరాకపోవచ్చని కూడా ముందే చెప్పారు. లేనిపోని ధైర్యం చెప్పనందుకు ఆయన మీద గౌరవం ఇంకాస్త పెరిగింది.

మరిది గారూ, మీకూ థాంక్స్. అమలాపురం దాకా ఆ ట్రాఫిక్‌లో బండి మీద తీసుకెళ్ళి తీసుకొచ్చింది మీరే. ఫెవిక్విక్ సంగతి రాయొద్దన్నారు గానీ, అది రాయకపోతే కథ నిలబడదు.

పిన్ని గారూ, మీ కుంకుమ భరిణె నా హ్యాండ్‌బ్యాగులో హైదరాబాదు వచ్చేసింది. కడిగి ఆరబెట్టాను. వచ్చే వారం బావగారు వస్తున్నారు, ఆయన చేత పంపిస్తాను.