నిండుగా తిరిగొచ్చిన పచ్చడి సీసా: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

నేను గుంటూరు మిర్చి యార్డులో గుమస్తాని. మా అమ్మాయి విజయవాడ వైపు ఒక హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతోంది. కాలేజీ పేరు రాయను. పేరు రాస్తే ఆ ఒక్కచోటే జరిగిందనుకుంటారు.

మొదటి ఏడంతా వాళ్ళమ్మ కట్టిచ్చిన గోంగూర పచ్చడి మూడో రోజుకే ఖాళీ అయ్యేది. రూమంతా కలిసి తినేవాళ్ళు. "మీరేమిట్లు?" అని ఎవరైనా కులం అడిగితే మా పిల్ల మాట దాటేసేదట. ఈ ఏడు క్లాసులో ఆఫీసు మనిషి వచ్చి, ఎస్సీ ఫీజు రీయింబర్స్‌మెంట్ కాగితాలు ఇవ్వాల్సినవాళ్ళు లేచి నిలబడమన్నాడు. లేచింది. ఆ తర్వాత ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. దసరా సెలవులకు పచ్చడి సీసా మాత్రం నూనె తేలి, నిండుగా ఇంటికొచ్చింది.

ఆ సెలవుల్లోనే ఒక రాత్రి "పొద్దున లేవకపోతే బాగుండనిపిస్తోందమ్మా" అంది. మనసు బాగోలేనివాళ్ళకి సాయం చేసే ప్రభుత్వ ఫోన్ లైను టెలీ మానస్, 14416కి ఫోన్ చేశాం. తెలుగులోనే ఓపిగ్గా మాట్లాడారు. తర్వాత డాక్టరమ్మకి చూపిస్తే డిప్రెషన్ అంది. ఇప్పుడు కాస్త నయం. కాలేజీవాళ్ళు మాత్రం "చదువు టెన్షన్ అండీ" అని తేల్చేశారు.

డాక్టరమ్మ ఒక సంగతి చెప్పింది. 1997లో అమెరికాలో డేవిడ్ విలియమ్స్ అనే ఆయన, ఇంకొందరు కలిసి ఒక ప్రశ్నావళి ప్రచురించారట. మీకు తక్కువ మర్యాద ఇస్తారా, తెలివిలేనివాళ్ళన్నట్టు చూస్తారా, ఎన్నాళ్ళకోసారి అని అడుగుతుందట. అలాంటి చిన్నచూపు తరచూ పడేవాళ్ళలో డిప్రెషన్ ఎక్కువని తర్వాత చాలా అధ్యయనాల్లో తేలిందట. ప్రతి పిల్లకీ ఇదే కారణమని నేననను. కానీ కారణాల్లో ఇదీ ఉందేమోనని అడిగినవాళ్ళు కాలేజీలో ఒక్కరూ లేరు. ఫిర్యాదు చేద్దామన్నా ఏమని రాయాలి, పచ్చడి తినలేదనా?

2025 జులై 25న సుప్రీంకోర్టు విశాఖలో చదువుకుంటూ చనిపోయిన అమ్మాయి కేసులో మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలంది. అణగారిన వర్గాల పిల్లలతో వివక్ష లేకుండా మెలగడం సిబ్బందికి నేర్పమంది. మా అమ్మాయి కాలేజీలో కౌన్సెలర్ అని బోర్డున్న గదిలో లెక్కల సారు కూర్చుంటాడు. అటెండెన్స్ తగ్గితే పిలిచేదీ ఆయనే. ఆయనకెవరు చెప్పుకుంటారండీ?

క్లాసులో లేపి నిలబెట్టడం రేపే ఆపించండి. ఆ కబురేదో ఫోన్‌కి మెసేజ్ పెడితే పోతుంది, పైసా ఖర్చు లేదు. కౌన్సెలర్లుగా మార్కులు, హాజరుతో సంబంధం లేనివాళ్ళను పెట్టించండి. "నిన్నెవరైనా తక్కువగా చూస్తున్నారా?" అని వాళ్ళే ముందు అడగాలని ఉత్తర్వు ఇవ్వండి.

సోమవారం పిల్ల మళ్ళీ హాస్టల్‌కి వెళ్తోంది. వాళ్ళమ్మ పచ్చడి కట్టబోతే వద్దంది.

ఇట్లు,
ఒక తండ్రి, గుంటూరు