కార్యదర్శి వార్షిక నివేదిక – సర్వసభ్య సమావేశానికి

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారాలు. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక నేరుగా పనుల్లోకి వస్తాను.

నెలవారీ ఉపన్యాసాలు చాలావరకు జరిగాయి. హాలు తాళం కోసం తిరిగిన కార్యాలయాల సంగతి రాయడం మొదలుపెడితే ఈ కాగితాలు చాలవు. ఒకసారి అనుమతి పత్రం ఉపన్యాసం అయిపోయాక అందింది. ఆ రోజు వరండాలో నిలబడే విన్న సభ్యులకు కృతజ్ఞతలు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోదగ్గది, గిర్రున తిరిగే అణువుల బంధాలు ఎలా సాగి పొడవవుతాయన్న విషయంపై విశాఖపట్నంలో జరిపిన కార్యశాల. వాల్తేరులో వర్ణపట పరిశోధనకు (పదార్థాలు ఏ పౌనఃపున్యాల కాంతిని వెలువరిస్తాయో, పీల్చుకుంటాయో చూసే శాస్త్రానికి) పునాది వేసిన ఆచార్య రంగధామరావు గారి చిత్రపటానికి పూలమాల వేసి ప్రారంభించాం. ఉపన్యాసంతో సరిపెట్టకుండా వచ్చిన ప్రతివారి చేతా లెక్క చేయించాం. ఎంచుకున్నది కార్బన్ మోనాక్సైడ్. 1970లో విల్సన్, జెఫర్ట్స్, పెంజియాస్ ఓరియన్ నెబ్యులా అనే అంతరిక్ష వాయుమేఘంలో దీని గీతను, అంటే ఇది ఒక నిర్దిష్ట పౌనఃపున్యంలో వెలువరించే రేడియో తరంగాన్ని, పట్టుకున్నప్పటి నుంచి రేడియో ఖగోళ శాస్త్రజ్ఞులకు ఇది లేనిదే పూట గడవదు.

అణువు తిరిగే శక్తి మెట్లు మెట్లుగా ఉంటుంది, ఒక్కో మెట్టు దిగితే ఒక్కో గీత. అణువు బిరుసుగా, సాగకుండా ఉంటే రెండో గీత పౌనఃపున్యం మొదటిదానికి సరిగ్గా రెట్టింపు, మూడోది మూడు రెట్లు కావాలి. కొలతలు బోర్డు మీద రాశాం: 115271.20, 230538.00, 345795.99 మెగాహెర్ట్జ్. మూడోది 345813.60 ఉండాల్సింది, 17.6 తగ్గింది. భ్రమణం పెరిగేకొద్దీ బంధం సాగి, జడత్వ భ్రామకం (తిప్పడానికి అడ్డుపడే గుణం) పెరిగి, శక్తిస్థాయిలు కిందికి దిగడమే కారణం. మూడు గీతలనూ వరుసగా 1, 2, 3తో భాగిస్తే 115271.20, 115269.00, 115265.33 వచ్చాయి. వాటి మధ్య తేడాలు 2.20, 3.67. 1, 2, 3ల వర్గాల (1, 4, 9) తేడాలైన 3, 5తో వీటిని భాగిస్తే రెండుసార్లూ 0.73! వెనక బెంచీలోని ఇంటర్ పిల్లలు నమ్మకం కుదరక కాల్‌క్యులేటర్ మళ్లీ నొక్కారు. అందులో నాలుగో వంతు, 0.183 మెగాహెర్ట్జ్, అపకేంద్ర విరూపణ స్థిరాంకం, అంటే తిరుగుడు వల్ల అణువు ఎంత సాగుతుందో చెప్పే సంఖ్య. భ్రమణ స్థిరాంకం (మొదటి గీత పౌనఃపున్యంలో ఇంచుమించు సగం) ఘనాన్ని నాలుగుతో హెచ్చించి, బంధం ఊగే కంపన పౌనఃపున్యం వర్గంతో భాగించే క్రాట్జర్ సూత్రమూ ఇంచుమించు ఇదే ఇచ్చింది. బంధం బిగువు ఎంతో భ్రమణ గీతలే చెప్పేస్తాయన్నమాట.

మధ్యాహ్నం నీటి అణువు దగ్గర బండి ఆగింది. దాని మూడు జడత్వ భ్రామకాలూ వేర్వేరు, సాగుడును చెప్పడానికి ఒక్క స్థిరాంకం చాలదు. భ్రమణం నాలుగో ఘాతంతో పెరిగే పదాల్లో వర్ణపటం నుంచి రాబట్టగలిగిన స్థిరాంకాలు ఐదేనని శాస్త్రజ్ఞుడు వాట్సన్ 1960లలో తేల్చాడు. అయితే హైడ్రోజన్ తేలిక, అణువు సులభంగా వంగుతుంది. భ్రమణం బాగా హెచ్చిన స్థాయిల్లో ఆరో ఘాతం, ఎనిమిదో ఘాతం అంటూ పదాలు చేర్చుకుంటూ పోయినా శ్రేణి కుదురుకోదు, మొత్తం ఒక విలువ దగ్గర నిలబడదు. దీన్ని కంప్యూటర్‌పై చూపాల్సిన ముగ్గురు స్వచ్ఛంద కార్యకర్తల్లో ఒక్కరే వచ్చారు. మిగతా ఇద్దరి పేర్లు ఆహ్వానపత్రంలో అచ్చయ్యాయి, మనుషులు మాత్రం కనబడలేదు. ఆ ఒక్కరికీ నా ప్రత్యేక నమస్కారం.

ప్రొజెక్టర్ అరువిచ్చిన కళాశాల వారికి, గ్రాఫు కాగితాలు ఇచ్చిన దుకాణదారుకు, ఉప్మా, టీ సమయానికి అందించిన మహిళా సభ్యులకు, ప్రశ్నలతో వక్తను కూర్చోనివ్వని విద్యార్థులకు ధన్యవాదాలు.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు విడిగా పంచారు. ఆడిట్ అయింది. చందా బాకీదారులు తమ పేర్లు తామే చూసుకోగలరు.

వచ్చే ఏడాది నీటి అణువు లెక్క పూర్తి చేయాలని కార్యవర్గం తీర్మానించింది. పనిచేసేవారు సమావేశం ముగిసేలోగా నా దగ్గర పేరు రాయించుకోవాలి. పేరు అచ్చుకు మాత్రమే ఇచ్చేవారు దయచేసి ఇవ్వకండి.

భవదీయుడు,
కార్యదర్శి