మంత్రి గారూ, మా తమ్ముడు పారా అథ్లెట్ కాదు

గౌరవనీయులైన రాష్ట్ర క్రీడా శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. గుంటూరు నుంచి రాస్తున్నాను. మా తమ్ముడికి పుట్టుకతోనే చెవుడు. రెండు వందల మీటర్లు పరిగెత్తుతాడు, పొద్దున్నే బ్రహ్మానందరెడ్డి స్టేడియంలో ప్రాక్టీసు. వాడి కోసం ఎక్కడికి వెళ్లి అడిగినా "పారా వాళ్లని కలవండమ్మా" అంటారు, అంటే దివ్యాంగుల ఆటలు చూసేవాళ్లని. పారా వాళ్లని కలిస్తే "చెవుడుకి మా దగ్గర కేటగిరీ లేదమ్మా" అంటారు. వాళ్లు చెప్పింది నిజమే. పారాలింపిక్స్‌లో వినికిడి లోపానికి విభాగమే లేదు, బధిరుల అంతర్జాతీయ క్రీడా సంస్థ 1995లోనే పారాలింపిక్ కమిటీ నుంచి బయటికి వచ్చేసింది. వీళ్ల పోటీలు వేరు, డెఫ్లింపిక్స్ అంటారు, 1924లో పారిస్‌లో మొదలయ్యాయి, అంటే రోమ్‌లో మొదటి పారాలింపిక్స్ జరగడానికి 36 ఏళ్ల ముందే. ఈ ముక్క ఆఫీసుల్లో కూర్చున్నవాళ్లకి మేం చెప్పుకోవాల్సి వస్తోంది.

పతకాలు రావట్లేదా అంటే వస్తున్నాయి. 2022లో బ్రెజిల్‌లో మన దేశానికి 16, 2025 నవంబర్‌లో టోక్యోలో 20. బ్రెజిల్‌లో టెన్నిస్ మిక్స్‌డ్ డబుల్స్ కాంస్యం గెలిచిన షేక్ జాఫ్రీన్ మన కర్నూలు అమ్మాయే. పతకం వచ్చాక శాలువా కప్పడానికి చాలామంది వస్తారు లెండి, నేను అడిగేది అంతకు ముందు సంగతి.

పరుగు మొదలయ్యేది చప్పుడుతో. గన్ పేలుతుంది, గన్ లేకపోతే విజిల్. పక్కవాడు కదిలాక అది చూసి మావాడు కదులుతాడు, రెండు వందల్లో ఆ కాస్త ఆలస్యం చాలు, హీట్స్‌లోనే, అంటే మొదటి రౌండ్‌లోనే ఇంటికి. బయటి లేన్ పడిందా, ఇంకా అన్యాయం, అక్కడ మిగతా వాళ్లందరూ వాడి వెనకే ఉంటారు, ఎవర్ని చూసి లేవాలి? డెఫ్లింపిక్స్‌లో అయితే స్టార్టింగ్ బ్లాక్ దగ్గర లైటు ఉంటుంది, ఎరుపుకి సిద్ధమై, పసుపుకి లేచి, పచ్చకి పరుగు. ఫుట్‌బాల్‌లో రెఫరీ విజిల్‌తో ఆగకుండా జెండా కూడా ఎత్తుతాడు. లైటు కొనేదాకా స్టార్టర్ చేతిలో ఒక ఎర్రగుడ్డ ఉన్నా మాకు చాలు, కాకపోతే పిల్లలకి కనపడేచోట నిలబడాలి. ఇది దయ కూడా కాదు, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 30వ సెక్షన్‌లోనే ఆటలకి ఇలాంటి ఏర్పాట్లు చేయాలని ఉంది. "చెవి మిషన్ పెట్టుకోవచ్చుగా" అనే పెద్దమనుషులకి ఒక మాట, డెఫ్లింపిక్స్‌లో బరిలోకి దిగాక మిషన్ తీసెయ్యాల్సిందే, అది అక్కడి నియమం.

ఇంకో చిక్కు సర్టిఫికెట్. డెఫ్లింపిక్స్‌కి మెరుగ్గా వినపడే చెవిలో 55 డెసిబెల్స్ లోపం ఉంటే అర్హత. మన చట్టంలో రెండు చెవుల్లోనూ 60 ఉండాలి. మావాడికి ఆ బాధ లేదు, వాడికి అసలు వినపడదు. కానీ ఈ రెండు అంకెల మధ్య ఉన్న పిల్ల ప్రపంచ పోటీలకి పనికొస్తుంది, ఇక్కడ ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రానికి, అదే సదరం సర్టిఫికెట్‌కి మాత్రం పనికిరాదు. చట్టం ఢిల్లీది, మీరు మార్చలేరు, తెలుసు. సెలెక్షన్స్‌కి సదరం బదులు ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష రిపోర్టు తీసుకోమని చెప్పడం మాత్రం మీ చేతిలోనే ఉంది కదా సార్.

సెలెక్షన్స్ అంటే గుర్తొచ్చింది, ఒక చోట నన్ను గేటు దగ్గరే ఆపేశారు, తోడు వచ్చినవాళ్లు గ్యాలరీలో కూర్చోవాలట. లోపల సెలెక్షన్ చేసే ఆయనేమో కాగితాల్లోకి చూస్తూ నియమాలు చెప్పుకుపోయాడు. పెదాలు కూడా కనపడకపోతే వాడికి ఏం అర్థమవుతుంది? బధిరుల స్కూళ్లలో సైన్ లాంగ్వేజ్ వచ్చిన టీచర్లు ఉన్నారు, ఆ ఒక్కరోజు వాళ్లకి స్టేడియంలో డ్యూటీ వేయించండి. అలాగే ఈసారి పరికరాలు కొనేటప్పుడు విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియానికి, మా గుంటూరుకి చెరొక సెట్టు లైట్లు రాయించండి. వినికిడి ఉన్న పిల్లలు కూడా వాటిని చూసి పరిగెత్తొచ్చు, ఎవరికీ నష్టం లేదు.

జవాబు ఇస్తే నాకు కాదు, వాడికే ఇవ్వండి. మెసేజ్ పెడితే చదువుకుంటాడు. ఫోన్ మాత్రం చెయ్యొద్దని మీ ఆఫీసు వాళ్లకి గట్టిగా చెప్పండి సార్, ఇప్పటిదాకా అందరూ వాడికి ఫోనే చేశారు, ఎత్తలేదని పేరు కొట్టేశారు.

ఇట్లు,
ఒక అథ్లెట్ అక్క, గుంటూరు