బెల్టు కన్నా ముందు నేర్పవలసింది

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులు దగ్గరపడగానే నగరంలో కరాటే శిబిరాల బ్యానర్లు వెలుస్తాయి. పెంకులు పగలగొడుతున్న పిల్లలు, చేతుల మీదుగా మోటారు సైకిళ్లు పోనిస్తున్న పిల్లలు పత్రికల నగర పేజీలకు ఎక్కుతారు. కరాటే అంటే ఇంతేనన్న అభిప్రాయం తల్లిదండ్రుల్లో స్థిరపడుతున్నందున ఈ లేఖ రాస్తున్నాను.

జపాన్‌లోని ఒకినావా దీవిలో గుట్టుగా సాగిన ఈ విద్యను ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో బడులకు చేర్చిన ఇతొసు అంకో, 1908లో విద్యాధికారులకు రాసిన లేఖలోనే, దుండగుడు ఎదురైనా అతణ్ని గాయపరచే పరిస్థితిని వీలైనంత వరకు తప్పించుకోవాలని చెప్పారు. 1922లో టోక్యోలో దీన్ని ప్రదర్శించిన ఆయన శిష్యుడు ఫునాకోషి గిచిన్ తన ఇరవై సూత్రాలలో మొదటి స్థానం నమస్కారానికి, రెండవది ముందుగా చెయ్యెత్తకూడదన్న నియమానికి ఇచ్చారు. బెల్టుల పద్ధతి జూడో నుంచి తెచ్చుకున్నది. ఫునాకోషి తొలి బ్లాక్ బెల్టులు ఇచ్చింది 1924లో.

మా రామంతాపూర్‌లో ఒక కమ్యూనిటీ హాల్లో ఏళ్ల తరబడి నడుస్తున్న క్లబ్ ఈ వరుసను తప్పలేదు. చెప్పులు బయట వరుసగా విడిచి, వంగి నమస్కరించి లోపలికి వచ్చిన పిల్లలు ముందు నేల తుడుస్తారు. కొత్తగా చేరిన తెల్ల బెల్టు వారికి నేర్పే హేయాన్ షోదాన్ అనే కటాలో (కటా అంటే వరుస తప్పకుండా చేసే కదలికల కూర్పు) మొదటి కదలిక ఎడమవైపు తిరిగి కింది దెబ్బను అడ్డుకోవడం. మిగిలిన నాలుగు హేయాన్ కటాలూ అడ్డుకోవడంతోనే మొదలవుతాయన్నది మాస్టారు ఉపన్యాసంగా చెప్పరు, పిల్లలచేత చేయించి చూపిస్తారు. బడిలో ఎవరినైనా కొట్టినట్టు తెలిస్తే ఆ విడత గ్రేడింగ్‌కు, అంటే బెల్టు పరీక్షకు, ఆ పిల్లవాణ్ని పంపరు. ఫీజు కట్టేశామని వాదించే తల్లిదండ్రులకూ అదే సమాధానం. (ఈ ఊళ్లో క్లబ్ నడిపేవారికి ఇంతకన్నా ధైర్యం కావలసిన పని మరొకటి ఉండదు.)

అన్నిచోట్లా ఇలా లేదు. కటా సగమే వచ్చినా బెల్టు రంగు మారుతోంది, రుసుము మాత్రం పూర్తిగా వసూలవుతోంది. తప్పంతా క్లబ్బులదే అనలేం. చేర్చిన వారంలోనే "మావాడికి బ్లాక్ బెల్టు ఎప్పుడొస్తుంది సార్" అని అడిగేది మనమే.

ప్రతి బెల్టుకు ఏమి నేర్పుతారో, కనీసం ఎన్నాళ్లు సాధన చేయాలో, పరీక్ష రుసుము ఎంతో చేరేటప్పుడే రాసి ఇవ్వాలని క్లబ్బులను కోరుతున్నాను. పెంకులు పగిలే ఫొటో వేసేటప్పుడు ఈ వివరాలను కూడా అడిగి ప్రచురించాలని మీ పత్రికకు నా విన్నపం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రామంతాపూర్, హైదరాబాద్.