అడగనివ్వండి, లేకపోతే దాచేస్తాం

సంపాదకులకు నమస్కారం.

మానసిక వ్యాధులకు వాడే మందుల్ని తల్లిదండ్రులు తమంతట తామే ఆపేస్తున్నారంటూ మీరు ప్రచురించిన వ్యాసం చదివాను. అవగాహన లేకపోవడమే కారణమని అందులో తేల్చేశారు. ఆ పని చేసిన తల్లుల్లో నేనూ ఒకదాన్ని. ఎందుకు ఆపారని మాలాంటి వాళ్లను ఒక్కరినైనా అడిగినట్టు ఆ వ్యాసంలో కనిపించలేదు. అందుకే ఈ ఉత్తరం.

మా అమ్మాయికి పద్నాలుగో ఏట ఏడుపు, నీరసం, బడికి వెళ్లననడం మొదలయ్యాయి. కుంగుబాటు అన్నారు, మాత్ర రాశారు. నెల తిరక్కుండానే పిల్ల హుషారైపోతే మేం సంబరపడ్డాం కూడా. తర్వాత నిద్ర మానేసింది. మూడు రాత్రులు వరసగా గోడల నిండా ఏవేవో పథకాలు రాసింది. ఒక మాట పూర్తికాకుండానే ఇంకో మాట అందుకునేది. అలసటన్నదే లేదు. ఆపబోయిన వాళ్ల నాన్న మీద చెయ్యి చేసుకుంది. అప్పుడు చెప్పారు, ఇది బైపోలార్ అని, అంటే కొన్నాళ్లు కుంగుబాటు, కొన్నాళ్లు ఇలా ఉన్మాదం వచ్చే జబ్బని. ఈ జబ్బున్న వాళ్లకు ఈ ఎగుడుదిగుళ్లను అదుపులో ఉంచే మందు (మూడ్ స్టెబిలైజర్) తోడు లేకుండా కుంగుబాటు మాత్ర ఒక్కటే ఇస్తే కొందరికి ఉన్మాదం రావచ్చన్నది వైద్యులకు ఎప్పటినుంచో తెలిసిన సంగతే. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా అని మొదటిరోజే అడిగి ఉంటే మా మామగారి తమ్ముడి గురించి చెప్పేవాళ్లం. వాళ్లు అడగలేదు. అది బయటికి చెప్పుకునే విషయమని మాకూ తోచలేదు.

అలాంటి మందే అయిన లిథియం మొదలుపెట్టారు. అది పనిచేసింది, ఈ మాట ముందే చెప్పాలి. 1949లో ఆస్ట్రేలియా డాక్టరు జాన్ కేడ్ ఉన్మాద రోగుల మీద దాని ప్రభావాన్ని ప్రకటించినప్పటి నుంచి నిలబడ్డ మందు అది. ఆత్మహత్య ముప్పును తగ్గిస్తుందని గట్టి ఆధారాలున్న కొద్ది మందుల్లో ఒకటి. మా పిల్లకు రెండు వారాల్లో నిద్ర తిరిగొచ్చింది. దాంతో పాటే చేతుల వణుకు, తీరని దాహం, రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేవడం, నెలనెలా పెరిగే బరువు, పగలంతా మత్తుగా కూర్చోవడం. రాసే అక్షరాలు గీత దాటిపోతుంటే 'అమ్మా, నా చెయ్యి నా మాట వినట్లేదు' అంది.

వెళ్లిన ప్రతిసారీ అడిగాను. 'మానేస్తే మళ్లీ మొదటికొస్తుంది, వాడండి' అనేవారు. కాస్త గట్టిగా అడిగిన రోజు 'డాక్టరు మీరా, నేనా?' అన్నారు. ఐదు నిమిషాల్లో చీటీ చేతిలో పెట్టారు. బయట ఇంకా బోలెడు మంది కాచుకుని ఉన్నారు, ఆయనకూ ఊపిరి సలపదు, అది నాకు తెలుసు. కానీ ఆ జవాబు పట్టుకుని ఇంటికి వెళ్లిన తల్లి ఏం చేస్తుంది? నేనేం చేశానో చెబుతాను. మాత్ర సగం చేశాను. వారం తర్వాత అదీ ఆపేశాను. డాక్టరు గారితో మాత్రం 'వేస్తున్నామండీ' అన్నాను. చెయ్యి వణుకు తగ్గింది, పిల్ల నవ్వింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఐదో వారంలో ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. లిథియం ఉన్నట్టుండి ఆపితే జబ్బు తిరగబెడుతుందని, ఆత్మహత్య ముప్పు పెరుగుతుందని, ఆపక తప్పకపోతే వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలని ఆ తర్వాత తెలుసుకున్నాను. అక్కడ పదకొండు రోజులున్నాం. ఆ రాత్రుల గురించి రాయను.

అక్కడి డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. 'ఎన్ని రోజులైంది ఆపి? ఏం ఇబ్బందిగా ఉండి ఆపారు?' అని అడిగారు. వణుకు గురించి చెబితే రాసుకున్నారు. పాత ఫైల్లో ఏడాదికి పైగా వాడకానికి ఒకే ఒక్క రక్తపరీక్ష ఉంది. లిథియంలో మేలుకీ విషానికీ మధ్య దూరం చాలా తక్కువ. రక్తంలో మామూలుగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉంచుతారు, 1.5 దాటితే విషలక్షణాలు మొదలవుతాయి. చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం తీసి చూడాలి. ఆరు నెలలకోసారైనా థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు చేయించాలి. చేయిస్తే తేలిందేమిటంటే, థైరాయిడ్ బాగా మందగించింది. ఏడాదిగా మేం 'జబ్బు' అనుకున్న మత్తులో, బరువులో కొంత దానిదే. తలనొప్పికి మేమే కొని వేసిన ఐబుప్రొఫెన్ కూడా రక్తంలో లిథియాన్ని పెంచుతుందట. వాంతులు, విరేచనాలై ఒంట్లో నీరు తగ్గినా అంతే. ఇవి చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఇప్పుడు తక్కువ మోతాదుతో పిల్ల కుదురుగానే ఉంది. వణుకు పూర్తిగా పోలేదు, కానీ గీత మీదే రాస్తోంది.

అడగడమే మూర్ఖత్వమన్నట్టు మాట్లాడేవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. అమెరికాలో 1994-95 నుంచి 2002-03 లోపల, ఇరవై ఏళ్లలోపు వాళ్లు బైపోలార్ పేరుతో డాక్టర్ల దగ్గరికి వెళ్లడం దాదాపు నలభై రెట్లు పెరిగింది. జబ్బే అంతగా పెరిగిందని నమ్మడం కష్టం. ఎప్పుడూ చిరాకుగా, కోపంగా ఉండే పిల్లలందరికీ ఆ ముద్ర పడకుండా 2013లో అక్కడి మానసిక వైద్యుల సంఘమే వేరే పేరుతో ఓ రోగనిర్ధారణ చేర్చాల్సి వచ్చింది. వైద్యులే తమ లెక్కను తాము ప్రశ్నించుకున్న చోట కన్నవాళ్లు అడిగితే తప్పేమిటి?

ఇటువైపు ఇంకో రకం మనుషులున్నారు. 'ఇవన్నీ మందుల కంపెనీల మాయ, ఆ మాత్రలు మెదడును తినేస్తాయి' అంటూ వీడియోలు పంపుతారు. నేను మాత్ర ఆపిన ఆ వారాల్లో వాళ్లే నాకు ధైర్యం. ఆస్పత్రిలో చేరాక ఒక్కరూ ఫోన్ చేయలేదనుకోండి. అయినా ఒకటి ఒప్పుకోవాలి, నా ప్రశ్న వినడానికి వాళ్ల దగ్గర గంటలకొద్దీ తీరిక ఉంది.

నేను కోరేది పెద్దదేం కాదు. పిల్లలకు ఇలాంటి మందు రాసినప్పుడు చీటీతో పాటు మాకు అర్థమయ్యే భాషలో ఒక్క కాగితం ఇవ్వండి. ఏ పరీక్ష ఎప్పుడు చేయించాలి, ఏ లక్షణం కనిపిస్తే ఆ రోజే పరుగెత్తాలి, ఏ మందు దీంతో కలపకూడదు, ఆపాలనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలి, ఇవి చాలు. ఈ జబ్బుకే ఇచ్చే లామోట్రిజిన్ అనే మందు మొదలుపెట్టాక ఒంటి మీద దద్దుర్లు వస్తే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి పరుగెత్తాలని ఎందరు తల్లులకు తెలుసు? ఆడపిల్లకు ఇలాంటిదే ఇంకో మందు వాల్‌ప్రోయేట్ రాస్తే రేపు గర్భం వచ్చినప్పుడు కడుపులోని బిడ్డకు దానివల్ల ప్రమాదమన్న మాట ఇవాళే చెప్పాలి కదా. ఇంకొకటి, పిల్లను బయట కూర్చోబెట్టి మాతో మాత్రమే మాట్లాడకండి. మాత్ర మింగేది తను.

ఈ ఉత్తరం మా అమ్మాయికి చూపించాను. మూడు రాత్రులు కాదు, నాలుగు అని దిద్దింది. గోడ మీద రాసిన పథకాల్లో రెండు ఇప్పటికీ బాగానే ఉన్నాయంది. పేరు మాత్రం వేయొద్దంది.

– ఒక తల్లి