రంగు మీద బ్లేడు పెట్టించకండి: రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రవాణా శాఖ మంత్రి గారికి నమస్కారం. తనిఖీల్లో బండ్ల మీది స్టిక్కర్లను బ్లేడుతో గీకడం ఆపించమని అడగడానికే ఈ లేఖ.

నేను హన్మకొండలో ఇరవై రెండేళ్లుగా రేడియం షాపు నడుపుతున్నాను. బండ్లకు స్టిక్కర్లు, సైడ్ బీడింగులు (డోర్ల మీద అడ్డంగా అంటించే పట్టీలు), డోర్ వైజర్లు (కిటికీల పైన వాన పడకుండా పెట్టేవి) అతికిస్తాను, పాతవి తీస్తాను. అతికించడం కంటే తీయడమే కష్టమని ఈ పనిలో ఉన్న ఎవరిని అడిగినా చెబుతారు.

మొన్న ఎండాకాలం ఒక క్యాబ్ డ్రైవర్ తన తెల్ల డిజైర్ కారు తెచ్చాడు. అది ఒకప్పుడు ఒక ఆఫీసుకు కిరాయికి తిరిగిన బండి. కాంట్రాక్టు అయిపోయాక కూడా డోరు మీద ‘ప్రభుత్వ వాహనం’ స్టిక్కరు ఉంచేశాడు. తప్పు అతనిదే, చలానా కట్టాడు. కానీ తనిఖీలో ఆ స్టిక్కరును రోడ్డు మీదే బ్లేడుతో గీకేశారు. డోరు నిండా జానెడు పొడవు గీతలు. రెండు చోట్ల రేకు బయటపడింది. వేలి గోరుతో అడ్డంగా రాస్తే గీతలో గోరు ఆగుతోంది. గోరు ఆగిందంటే అది పాలిష్‌తో పోయే గీత కాదు. డోరుకు మళ్లీ రంగు వేయించడానికి మూడున్నర వేలయ్యాయి, రెండు రోజులు కిరాయి లేదు. కారు కిస్తీ మాత్రం ఆగదు కదండీ.

కంపెనీ రంగు పొరలన్నీ కలిపినా మందం 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). పైన మెరిసే క్లియర్ కోట్ అయితే వెంట్రుక కంటే పలచన. గీత రేకు దాకా దిగితే వానాకాలంలో అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది.

బ్లేడు అలవాటు అద్దాల నుంచి వచ్చిందని నా అనుమానం. 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములు వద్దన్నాక వాటిని బ్లేడుతోనే ఎక్కువగా తీశారు. అద్దం గట్టిది, తట్టుకుంటుంది. అద్దం మీద కూడా, వెనక వైపు మంచును వేడితో పోగొట్టే సన్నని తీగలుంటే అవి తెగిపోతాయి. రంగు అసలే తట్టుకోదు.

తీసే పద్ధతి పెద్ద విద్యేం కాదు. బండిని నీడలో పెట్టి, దుమ్ము లేకుండా కడగాలి. హీట్ గన్ గానీ, ఇంట్లో జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ గానీ జానెడు దూరంలో ఆడిస్తూ వేడి చేయాలి. ఒకే చోట ఆపకూడదు. చెయ్యి పెడితే ఓర్చుకోగలిగే వేడి చాలు, గమ్ మెత్తబడుతుంది. అప్పుడు స్టిక్కరు మూల లేపి, ఎదురుగా గుంజకుండా దాని మీదికే మడుస్తూ మెల్లగా లాగాలి. బీడింగ్ అయితే గాలానికి కట్టే నైలాన్ దారం వెనక నుంచి దూర్చి, రంపం లాగినట్టు అటూ ఇటూ లాగితే లోపలి డబుల్ టేపు తెగి ఊడొస్తుంది. మిగిలిన జిగురుకు నీలగిరి తైలం మెత్తని గుడ్డతో అద్ది, ఐదు నిమిషాలాగి తుడిచి, షాంపూతో కడిగితే చాలు. థిన్నర్ మాత్రం వద్దు, రీపెయింట్ చేసిన చోట రంగునే లేపేస్తుంది. మన ఎండలకు ఏళ్ల తరబడి మాడిన స్టిక్కరు పెళుసెక్కి ముక్కలు ముక్కలుగా వస్తుంది. దానికి గంటైనా పడుతుంది. నడిరోడ్డు మీద, వెనక బండ్లు హారన్ కొడుతుంటే ఆ ఓపిక ఎవరికుంటుంది?

అందుకే అడుగుతున్నాను. నిబంధనలకు విరుద్ధంగా ఉన్న స్టిక్కరుకు చలానా రాయండి, దాని జోలికి నేను రావడం లేదు. తీయించుకుని చూపించడానికి మాత్రం వారం రోజుల గడువు ఇప్పించండి. బండి రంగు మీద బ్లేడు, స్క్రూడ్రైవర్ పెట్టకూడదని మీ శాఖ సిబ్బందికి రాతపూర్వకంగా ఆదేశమివ్వండి. ట్రాఫిక్ పోలీసులు మీ శాఖ కిందికి రారని తెలుసు, వాళ్లకూ ఈ మాట మీరే చేర్చండి.

నా షాపులో ఒక పాత కారు డోరు ఉంది. ఏ ఆదివారం పొద్దున మీవాళ్లను పంపినా దాని మీదే స్టిక్కరు వేసి, తీసి చూపిస్తాను. డబ్బులేమీ అక్కర్లేదు.

ఇట్లు,
హన్మకొండలో ఒక రేడియం షాపు యజమాని